చేతిపని జాడీ కారితే వాపసు అడగొచ్చా?

బల్లార్షా కోడలు:
చంద్రాపూర్ అవతల ఒక కుమ్మరోళ్ల ఇంట్ల ఒక రంజన్ (నీళ్ల కుండ), పూత పెట్టిన జాడీ తెచ్చుకున్న. రంజన్ చెమరుస్తుంది, సరే. జాడీ గూడా చెమరుస్తుంది! పోసిన నూనె మూడోరోజుకు కింద బట్టకు అంటింది. ఫోన్ చేస్తే "చేతిపని గదా అక్కా, అట్లనే ఉంటది" అన్నడు. వాపసు అడిగితే పేదోళ్ల కడుపు కొట్టినట్టేనని మా ఆయన. మీరేమంటరు?

రాజురా మామ:
అడగొద్దు బిడ్డా. ఆవంల (కుండలు కాల్చే భట్టీల) పెట్టినవన్నీ మంచిగ బయటికి రావు. లోపల తడి మిగిలితే కాల్చేటప్పుడే పగులుతయి, ఆ నష్టమంతా వాళ్ల నెత్తినే. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అంటరు, ఏడాది పని ఒక్క దుడ్డుకర్ర దెబ్బకు పోతది. మాల్‌ల అడిగినంత ఇచ్చి వస్తం, వీళ్ల దగ్గర పది రూపాయలకు కొట్లాడతం.

సిరొంచ చిన్నోడు:
మామా, సామెత బాగుంది గానీ ఇక్కడ పెట్టు పడ్డది అక్క నూనెకు. రంజన్ చెమర్చాలె. మట్టి సందుల్లకెళ్లి వచ్చిన తడి ఆవిరైతూ వేడిని లాక్కపోతది, గందుకే నీళ్లు చల్లగుంటయి. జాడీ చెమర్చుడు లోపం. రెంటికీ "చేతిపని" అని ఒకటే జవాబా?

మామూలు కుండ 800, 900 డిగ్రీల్లో కాలుతది. ఊరగాయ జాడీ 1,200 దాటితేనే రాయి లెక్క గట్టిపడతది. తక్కువ వేడిల కాల్చి పైన పూత పూస్తే సన్నగీతలు పడి నూనె దిగుతది. అదొక్కటే అయితే పోనీ అనుకోవచ్చు. ఆ పూతల సీసం ఉంటే చింతపండు, నిమ్మ పులుపుకు ఊరగాయలకు దిగుతది, కంటికి ఆనదు. వాపసు తర్వాత, ముందు పూత సంగతి అడుగు అక్కా.

రాజురా మామ:
సీసం సంగతి నాకు తట్టలే, ఒప్పుకుంట. కానీ తప్పంతా వాళ్లదేనా? 2023ల వచ్చిన కేంద్రం పథకం పీఎం విశ్వకర్మల కుమ్మరోళ్లకు పనిముట్లకని 15,000 దాకా ఇస్తరు. దాంతోని సారె (కుండలు చేసే చక్రం) మారుతదేమో, 1,200 డిగ్రీల భట్టీ వస్తదా?

సిరొంచ చిన్నోడు:
రాదు. అట్లైతే ఊరగాయ జాడీ అని అమ్మొద్దు, పూలకుండీ అని అమ్మాలె.

బల్లార్షా కోడలు:
మళ్ల ఫోన్ చేసిన. పూత డబ్బాల్ల కొంటం, అండ్ల ఏముంటదో మాకూ తెల్వదన్నడు. దాచకుండ చెప్పిండని కోపం పోయింది. పైసలు వద్దు, బదులు ఇంకో రంజన్ ఇయ్యమన్న, మా అత్తమ్మకు. జాడీల గరిటెలు పెట్టిన.

సిరొంచ చిన్నోడు:
తెచ్చేటప్పుడు వేలితోని కొట్టి చూడు. ఖంగుమనాలె. మొద్దుగ మోగితే ఎక్కడో బీట ఉన్నట్టే.