పండగంటే పిల్లలకి బోర్, పెద్దాళ్ళకి అలక, ఏం చెయ్యాలి?

ప్రశ్న: పండగొస్తే మూడు తరాలూ ఒకచోట చేరతాం, కానీ అత్తయ్యగారికి అన్నీ పాత పద్ధతిలోనే జరగాలి, పిల్లలేమో ఫోన్లోంచి తలెత్తరు, మధ్యలో నేను నలిగిపోతున్నా. అందరికీ సరదాగా ఉండాలంటే ఎలా అండీ?

జవాబు: పిల్లలకి పని కాదు, పెత్తనం ఇవ్వండి. మా ఇంట్లో అలంకరణంతా పాపదే, రంగు కాగితాలు వంకరగా అతికించినా ఎవరూ సరిచెయ్యకూడదని రూల్. మా అమ్మకి చెయ్యి ఊరుకోదనుకోండి, అయినా ఆగుతుంది 😄

జవాబు: పెద్దాళ్ళని "ఇదెందుకు చెయ్యాలి" అంటే గొడవే, "మీ చిన్నప్పుడు ఎలా చేసేవాళ్ళు" అంటే కబుర్లు మొదలు, అవి మనవడు రికార్డ్ చేస్తే ఆ ఫోన్ కూడా పనికొచ్చినట్టే.

జవాబు: అన్నీ చెయ్యక్కర్లేదండీ బాబూ, ఎవరికీ ఇష్టం లేనివి వదిలెయ్యండి. ఏది వదలాలో మాత్రం అత్తయ్యగారినే తేల్చమనండి.