పూల మైనం కొవ్వొత్తి మీద ‘నూరు శాతం సహజం’ అని రాయొచ్చా?

కొవ్వొత్తుల తయారీ, ఒంగోలు

ఇంట్లోనే కొవ్వొత్తులు, లిప్ బామ్ చేసి అమ్ముతాను. నాలుగు నెలల నుంచి తేనెమైనంలో కొంచెం జాజిపూల మైనం కలుపుతున్నా. మొన్న ఎగ్జిబిషన్‌లో ఒకాయన డబ్బా అటూ ఇటూ తిప్పి చూసి, “ఇది సెంటు ఫ్యాక్టరీ చెత్త, దీన్ని సహజం అని అమ్మడం మోసం” అని అందరి ముందూ అనేశాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆయన మాటలో నిజమెంతో తెలిసినవాళ్లు చెప్పండి.

కెమిస్ట్రీ లెక్చరర్, నెల్లూరు

చెత్త అనడం తప్పమ్మా. అయితే మీ డబ్బా మీద మాట కూడా సరికాదు. రెండూ చెప్తాను.

జాజి, మల్లె లాంటి సున్నితమైన పూలు ఆవిరి వేడికి తట్టుకోవు. అందుకే వాటిని హెక్సేన్ అనే ద్రావకంలో నానబెడతారు; పూల వాసనా, మైనమూ అందులో కరుగుతాయి. సుమారు 69 డిగ్రీలకే మరిగే ద్రవం కాబట్టి తర్వాత ఆవిరి చేసి తీసేయడం తేలిక. అడుగున మిగిలే ముద్దను సెంటు వ్యాపారంలో కాంక్రీట్ అంటారు. దాన్ని ఆల్కహాల్‌లో కరిగించి, సున్నా డిగ్రీల కంటే కిందికి చల్లబరిస్తే మైనం చలికి గడ్డకట్టిన నెయ్యిలా పేరుకుంటుంది. వడగట్టి, ఆల్కహాల్ తీసేస్తే మిగిలేది అబ్సల్యూట్, అంటే అసలు సెంటు సరుకు. వడపోతలో ఆగిపోయిందే మీ మైనం.

అది ఎవరో బయటి నుంచి కలిపింది కాదు. రేకు ఎండిపోకుండా పువ్వు తన ఒంటి మీద తానే పూసుకునే పూత. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో ఆవిరి పట్టి చేసే అత్తర్లలో ఇది దొరకదు, ఎందుకంటే అంత బరువైన పదార్థం ఆవిరితో పైకి లేవదు.

ఒకసారి బఠాణీ గింజంత ముక్క తెచ్చి వేళ్ల మధ్య నలిపి చూశాను. ముందు ఏ వాసనా లేదు. వేలి వేడికి మెత్తబడ్డాక, రాత్రి జడలో ఉండి పొద్దున తీసి కిటికీలో పెట్టిన దండ వాసన వచ్చింది. వాడిన వాసనే, కానీ పువ్వుదే.

సబ్బుల తయారీ, కావలి

సార్, పూత పువ్వుదే, ఒప్పుకుంటా. హెక్సేన్ ఎక్కడిది? పెట్రోలియంది. కొనేవాళ్లు ‘నూరు శాతం సహజం’ అని చదివి రోట్లో నూరిన పువ్వు అనుకుంటారు. పైగా లిప్ బామ్ పెదవుల మీద పెట్టుకునేది. జాజి అబ్సల్యూట్ కొందరికి పడక దద్దుర్లు వస్తాయనే దాని వాడకానికి ఇఫ్రా (సెంటు పరిశ్రమ అంతర్జాతీయ సంస్థ) పరిమితులు పెట్టింది. వడగట్టిన మైనంలో ఆ అబ్సల్యూట్ కొద్దిగా మిగలదా? మీరే వాసన వచ్చిందన్నారు కదా.

కెమిస్ట్రీ లెక్చరర్, నెల్లూరు

మిగులుతుంది. అందుకే బామ్ విషయంలో మీరన్నదే నా మాట కూడా: ముందు చేతి మీద రాసి చూసుకోమని డబ్బా మీదే వేయాలి. కానీ ఒక సంగతి. మామూలు కొవ్వొత్తిలోని పారాఫిన్ పేరు వింటేనే ముఖం చిట్లిస్తాం. ఈ పూల మైనంలో చాలా భాగం కూడా అదే జాతి పొడవాటి కార్బన్ గొలుసులే. పువ్వు నుంచి వచ్చింది కాబట్టి మంచిది, నూనె బావి నుంచి వచ్చింది కాబట్టి చెడ్డది అనే లెక్క రసాయనశాస్త్రంలో నిలబడదు. ఎలా తీశారో చెప్పడమే నిజాయితీ.

రైతు, టంగుటూరు

నా బాధ వేరే ఉంది. ఎకరంలో మల్లె వేశాను. సీజన్లో మొగ్గ విరగబడితే కోత కూలీ కూడా రాదు. మిగిలిపోయిన పూలతో ఈ మైనం తీసే యూనిట్ ఈడ పెడితే ఏమైద్ది? ఈ మైనం డబ్బుల్లో మాకు వాటా రావద్దా? పొగాకైతే వేలం కేంద్రంలో బేలు ముందర పెట్టి, గ్రేడు చూసి రేటు కడతారు. పూలకి అట్టాంటిది ఏదీ?

కెమిస్ట్రీ లెక్చరర్, నెల్లూరు

అన్నా, ఆశ పెట్టి అబద్ధం చెప్పలేను. కిలో జాజిపూలకి కాంక్రీట్ వచ్చేది మూడు గ్రాముల చుట్టూనే. అందులో మైనం దాదాపు సగం, అంటే చిటికెడు. మల్లెకి కాంక్రీటే ఇంకా తక్కువ. మైనం వాటాతో మీ కోత కూలీ గట్టెక్కదు. ఇంకోటి, అమ్ముడుపోక వాడిన పూలు దీనికి పనికిరావు. మొగ్గ సాయంత్రం దాకా ఉండి, రాత్రి విచ్చుకునేటప్పుడే వాసన పుడుతుంది. అప్పుడే హెక్సేన్‌లో పడాలి. తమిళనాడులో తోటల దగ్గరే ఫ్యాక్టరీలు ఉండేది అందుకే. మీరు అడగాల్సింది మైనంలో వాటా కాదు, ఆ రాత్రికి కావాల్సిన మొగ్గకి ముందే కుదుర్చుకున్న రేటు.

రైతు, టంగుటూరు

ఆ మాట ముందే ఎవరైనా చెప్పుంటే బాగుండేది సార్. పోయినేడు రెండు బస్తాలు కాలవలో పోశా.

కొవ్వొత్తుల తయారీ, ఒంగోలు

అందరికీ దండాలు. ‘నూరు శాతం సహజం’ తీసేస్తున్నా. ఇట్లా వేస్తా: “తేనెమైనం, జాజిపూల మైనం. పూల మైనం హెక్సేన్‌తో తీసిన కాంక్రీట్ నుంచి వచ్చింది.” బామ్ డబ్బా మీద చేతి మీద రాసి చూసుకోమనే మాట కూడా.

సబ్బుల తయారీ, కావలి

మంచిది అక్కా. అడుగున చిన్న అక్షరాల్లో కాకుండా ముందువైపే వేయండి. నా సబ్బుల మీద కూడా రేపటి నుంచి అదే పద్ధతి.