అప్‌డేట్: ఎవరెస్ట్ బేస్ క్యాంప్ ప్లాన్ మార్చేశాం

పోయినసారి అడిగా కదా, ఎవరెస్ట్ బేస్ క్యాంప్ ట్రెక్ 9 రోజుల్లో అయిపోతుందా అని, మీరందరూ తిట్టినంత పని చేశారు, మంచిదే అయింది. ఇప్పుడు 14 రోజులకి పెంచాం. ఎత్తుకి ఒళ్ళు అలవాటు పడాలంటే 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకి మించి పెరగకుండా చూసుకోవాలన్న లెక్క వేసుకుంటే మా పాత ప్లాన్ ఎంత పిచ్చిదో తెలిసొచ్చింది. దారిలో ఉన్న ఊళ్ళలో, నామ్చేలో (3,440 మీటర్లు) రెండు రాత్రులు, డింగ్‌బోచేలో (4,410) ఇంకో రెండు, ఆ రోజుల్లో పగలు పైకెక్కి రాత్రికి మళ్ళీ కిందకొచ్చి పడుకోవడమే. ట్రెక్ మొదలయ్యే లుక్లాకి వెళ్ళొచ్చే ఫ్లైట్లు మబ్బు పడితే ఆగిపోతాయి కాబట్టి చివర్లో రెండు రోజులు ఖాళీగా వదిలేశాం. డయామాక్స్ (ఎత్తు వల్ల వచ్చే జబ్బు రాకుండా వేసుకునే మాత్ర) గురించి వెళ్తే డాక్టర్ ముందు సల్ఫా మందుల ఎలర్జీ ఉందా అనే అడిగారు. మా ఆవిడ కొత్త బూట్లేసుకుని రోజూ మెట్లెక్కుతోంది, మడమకి బొబ్బ అప్పుడే వచ్చేసింది, అక్కడ రావడం కన్నా నయమే లెండి.