సినిమా మధ్యలో సౌండ్ పోతే ఎవరు లేవాలి? అందరం కలిసి తీస్తే దర్శకుడు ఎవరు?

ప్రశ్న: మేం పన్నెండు మందిమి. జీతాల్లేవు, టికెట్లు లేవు. నెలకోసారి ఒక హాలు అడిగి తీసుకుని చిన్న సినిమాలు వేస్తాం. కిందటిసారి సగంలో సౌండ్ పోయింది. ఆరుగురం ఒకేసారి ల్యాప్‌టాప్ మీద పడ్డాం. ఒకరు కేబుల్ పీకారు, ఒకరు సినిమా ఆపేశారు, ఇంకొకరు లైట్లు వేశారు. తీరా చూస్తే ఎవరి కాలో తగిలి స్పీకర్ ప్లగ్గు ఊడింది, అంతే. రెండో గొడవ, అందరం కలిసి తీసిన పద్దెనిమిది నిమిషాల సినిమాది. ఫెస్టివల్ ఫారంలో ‘దర్శకుడు’ గడి దగ్గర ఆగిపోయాం, వారం నుంచి మాటల్లేవు. ఇంకోటి, ఉచితంగా వేసే సినిమాకి పర్మిషన్ అక్కర్లేదంటున్నారు, నిజమేనా?

జవాబు: నిజం కాదు. టికెట్ పెట్టకపోయినా ఊళ్లోవాళ్లని పిలిచి వేస్తే అది బహిరంగ ప్రదర్శనే. డిస్క్ కొన్నా, ఓటీటీకి చందా కట్టినా మనకొచ్చేది ఇంట్లో చూసుకునే హక్కే. ప్రదర్శన హక్కు ఎవరి దగ్గరుందో కనుక్కుని తేదీ, కుర్చీల సంఖ్య, ఎన్ని ఆటలు వేస్తారో ఈమెయిల్లో రాసి అడగండి. చిన్న సినిమాలు తీసేవాళ్లు నేరుగా అడిగితే చాలాసార్లు ఒప్పుకుంటారు. ఫోన్లో ‘వేసుకోండి’ అన్నా సరే, రాతలో తెప్పించుకోండి.

ఇంకో జవాబు: నేను ప్రొజెక్షన్ చూస్తుంటాను. ఏ సినిమా వేయాలో పన్నెండు మందీ కూర్చుని తెల్లవార్లూ వాదించుకోండి. లైట్లు ఆరాక మాత్రం మాట ఒకరిదే. మా దగ్గర టార్చి ఎవరి మెడలో ఉంటే వాళ్లదే ఆ రాత్రి. టార్చి నెలనెలా మెడ మారుతుంది, మిగతావాళ్లు కుర్చీల్లోంచి లేవకూడదు. సౌండ్ పోతే ముందు స్పీకర్ కరెంటు చూడాలి, తర్వాత కేబుల్, ల్యాప్‌టాప్ ఆఖర్న. రెండు నిమిషాల్లో తేలకపోతే ఆపేసి, లైట్లు వేసి, వచ్చినవాళ్లకి సంగతి చెప్పాలి.

ముందురోజు టెస్ట్ అంటే అందరూ మొదటి ఐదు నిమిషాలు చూసి సరే అంటారు. అది టెస్ట్ కాదు. అరుపులున్న సీను, గుసగుసలున్న సీను, చివరి పది నిమిషాలు, ఈ మూడూ వెనక వరుసలో కూర్చుని వినండి. సబ్‌టైటిల్స్ మొదట్లో కుదిరి, పోనుపోను మాట కంటే వెనకబడుతుంటే ఫ్రేమ్ రేట్, అంటే సెకనుకు ఎన్ని బొమ్మలు నడుస్తాయన్న లెక్క, తేడా అయి ఉంటుంది. ఫైలు సెకనుకు 25 ఫ్రేములదై, సబ్‌టైటిల్స్ 24కి చేసినవైతే గంటకి రెండు నిమిషాల పైనే తేడా వస్తుంది. నోటిఫికేషన్లు కూడా కట్టేయండి. మా తెర మీద ఒకసారి హీరోయిన్ చనిపోతుంటే ఎవరికో పుట్టినరోజు శుభాకాంక్షలు వచ్చాయి.

మరొక జవాబు: పేరు గొడవ పాతదే. 1984లో కేరళలో మలయాళ దర్శకుడు జాన్ అబ్రహాం, మిత్రులు ఒడెస్సా అనే బృందం పెట్టి, జనం దగ్గర చందాలు పోగేసి ‘అమ్మ అరియాన్’ సినిమా తీశారు. 1986లో వచ్చింది. డబ్బు జనానిది, దర్శకుడి పేరు మాత్రం జాన్‌దే. అటు ఫ్రాన్స్‌లో దర్శకుడు గొదార్ 1968 తర్వాత కొన్నేళ్లు జీగా వెర్తొవ్ గ్రూప్ అన్న ఉమ్మడి పేరుతో పనిచేశాడు. ఏ దారైనా పట్టొచ్చు. మీ షూటింగ్‌లో ‘ఇంకో టేక్’ అన్నది ఎవరు? ప్రతిసారీ ఒకరే అయితే మొహమాటపడకుండా ఆ పేరు రాయండి. సీనుకొకరైతే బృందం పేరు పెట్టి, చివర్లో అందరి పేర్లూ అక్షరక్రమంలో వేయండి. ఒకరు బయటికెళ్తే ఫుటేజ్ ఎవరిది, యూట్యూబ్‌లో పెట్టాలంటే ఎంతమంది సరే అనాలి అన్నది నాకు పేరు కంటే పెద్ద ప్రశ్న. ఒక పేజీ రాసి పన్నెండు సంతకాలు పెట్టించండి.

అడిగినవారు: అసలు బాధ చెప్పలేదు. పనంతా ఇద్దరి మీదే పడుతోంది. మిగతావాళ్లు ‘మాకు రాదు’ అంటారు.

ప్రొజెక్షన్ చూసేవారు: రాదనేవాళ్లకి నేర్పేది ఎవరు మరి? ప్రతి పనికీ ఇద్దర్ని పెట్టండి. ఈ నెల పక్కన నిలబడి చూసినవాళ్లు వచ్చే నెల చేయాలి. ఆ ఇద్దరూ ‘మేమే చేసేస్తాంలే’ అనడం మానేయాలి, కష్టం అక్కడే. ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్లో స్టార్ అండ్ షాడో సినిమా అనే హాలు 2006 నుంచి వాలంటీర్లతోనే నడుస్తోంది. పాత చోటు వదిలాక, 2018లో తెరిచిన కొత్త చోటును కూడా ఎక్కువగా వాలంటీర్లే సిద్ధం చేసుకున్నారు.

అడిగినవారు: టార్చి కొన్నాం, మొదటి నెల నా మెడలోనే వేశారు. ప్లగ్గుకి టేపు వేశాం. ‘ఇంకో టేక్’ ఎవరన్నారో తేల్చడానికి ఫుటేజ్ మొత్తం వింటున్నాం. సగానికే నలుగురి గొంతులు తేలాయి.