సుప్రీం సోవియట్‌లోని మహిళలు ఎన్నికలు రాగానే ఏమయ్యారు?

ప్రశ్న: ఎం.ఏ. విద్యార్థిని, ఎం.వి.పి. కాలనీ
ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం చదువుతున్నాను. సోవియట్ యూనియన్ పార్లమెంటు అయిన సుప్రీం సోవియట్‌లో 1984లో దాదాపు మూడో వంతు మహిళలే. 1989లో పోటీ ఎన్నికలు పెట్టాక కొత్త పార్లమెంటు అయిన ప్రజాప్రతినిధుల మహాసభలో వారి వాటా దాదాపు 16 శాతానికి పడిపోయింది. ప్రజాస్వామ్యంలో పెరగాలి కదా? మా తాతగారైతే "అందుకే సోవియట్ వ్యవస్థ కూలకూడదన్నాను" అంటూ నన్నే గదమాయిస్తున్నారు.

గాజువాక పాఠకుడు
కోటా పోయింది, సీట్లు పోయాయి. మన పంచాయతీల్లో రిజర్వేషన్ ఎత్తేసి చూడండి, తెలుస్తుంది.

ఉక్కునగరం అనువాదకురాలు (విశ్రాంత)
అమ్మాయీ, ఉక్కు కర్మాగారం కడుతున్న రోజుల్లో సోవియట్ నిపుణుల వెంట రష్యన్ అనువాదకురాలిగా తిరిగాను. వాళ్ల భార్యల్లో ఇంజనీర్లు, డాక్టర్లు ఉండేవారు. సుప్రీం సోవియట్ మాట ఒక్కరూ ఎత్తగా వినలేదు. ఎత్తడానికి ఏముంది? ఏడాదికి కొద్దిరోజులు కూర్చుని చేతులెత్తే సభ అది. పాలు పితికే ఆమె ఒకరు, నేత మిల్లు కార్మికురాలు ఒకరు అని పార్టీయే లెక్కచూసి నింపేది. అధికారమంతా పార్టీ అగ్రనేతల కమిటీ అయిన పొలిట్‌బ్యూరోది. అక్కడ 1961లో సభ్యురాలు ఫుర్త్సెవాను తప్పించాక 1990 దాకా మరో స్త్రీకి పూర్తి సభ్యత్వం దక్కలేదు. కాబట్టి ఆ మూడో వంతు కోసం నేను కన్నీళ్లు పెట్టను.

వాళ్లు గంటల తరబడి మాట్లాడుకున్నది పిల్లల గురించి, ఊళ్లో సరుకుల వరుసల గురించి. పసిపిల్లలను ఉంచే యాస్లి, ఆ తరువాత కిండర్‌గార్టెన్ చాలాచోట్ల ఫ్యాక్టరీవే. తొంభైల్లో ఫ్యాక్టరీలు ప్రైవేటు చేతికి వెళ్లాక ఆ ఖర్చు వదిలించుకున్నాయి, ఎన్నో మూతపడ్డాయి. అసలు దెబ్బ అక్కడ తగిలింది. ఇంటి చాకిరీ మాత్రం ఏ వ్యవస్థలోనూ భర్తల మీద పడలేదు లెండి!

సీతమ్మధార నుంచి
అన్ని దేశాలనూ ఒకే గాటన కట్టకండి. రుమేనియాలో కమ్యూనిస్టు నియంత చౌషెస్కు 1966లో గర్భస్రావాన్ని దాదాపుగా నిషేధించాడు. 1989 డిసెంబరులో అతన్ని కాల్చిచంపిన మర్నాడే ఆ నిషేధం పోయింది. పోలండ్‌లో సరిగ్గా తలకిందులు: 1956లో కమ్యూనిస్టులు ఇచ్చిన హక్కును 1993లో ఎన్నికైన పార్లమెంటే కుదించింది.

ఉక్కునగరం అనువాదకురాలు
పోలండ్ విషయంలో చర్చి బలం కూడా కలపండి. కమ్యూనిస్టులతో తలపడి గెలిచినవారికి అండ అదే. గెలిచాక ఆ రుణం ఆడవాళ్ల ఖాతాలో రాశారు.

ఎం.ఏ. విద్యార్థిని
కృతజ్ఞతలు అమ్మా. మరొక్కటి: 1993లో రష్యా పార్లమెంటు దిగువ సభ దూమా ఎన్నికల్లో 'రష్యా మహిళలు' కూటమికి 8 శాతం ఓట్లొచ్చాయి, 1995లో జాబితా సీట్లకు కావలసిన 5 శాతం గడప దాటలేదు. రెండేళ్లలో ఆ ఓటర్లు ఎటు వెళ్లారు?