ఆటిజం పిల్లల అమ్మానాన్నలకు ట్రైనింగ్ ఇస్తే చాలా? థెరపిస్టు అక్కర్లేదా?

బాబు_నాన్న: మా మండలంలో స్పీచ్ థెరపిస్టు లేరు. గోవాలో, పాకిస్తాన్‌లోని రావల్పిండిలో 65 మంది పిల్లలతో చేసిన పాస్ అనే తల్లిదండ్రుల ట్రైనింగ్ ట్రయల్ ఫలితాలు 2016లో వచ్చాయి. స్పెషలిస్టులు కాని హెల్త్ వర్కర్లే ఆరు నెలల్లో 12 సెషన్లు నేర్పారు. బిడ్డతో ఆడుకునే వీడియో తీసి, మళ్ళీ తల్లిదండ్రులకే చూపిస్తూ చెప్పారు. పిల్లలు తమంతట తాము పలకరించడం పెరిగింది. మన దగ్గర ఎందుకు పెట్టరు?

థెరపిస్ట్_సుజాత: 12 సెషన్లతో ఏమవుతుందండీ? నా దగ్గర ఒక్కో బిడ్డకు నెలకే 12 అవుతాయి. అదే ట్రయల్‌లో తల్లీబిడ్డా కలిసి ఒకే దాని మీద దృష్టి పెట్టే సమయం తగ్గింది. అది కూడా చెప్పండి.

బాబు_నాన్న: ఆ 12 మాకు మేడమ్, పిల్లలకు కాదు. మిగతాది రోజూ ఇంట్లోనే.

రవి_నెల్లూరు: డబ్ల్యూహెచ్‌ఓ ట్రైనింగ్ కూడా అంతే. 9 గ్రూపు సెషన్లు, 3 సార్లు ఇంటికి రావడం.

థెరపిస్ట్_సుజాత: మళ్ళీ అదే 12! నేను నాలుగేళ్ళు చదివింది 12 రోజుల్లో ఎలా వస్తుంది?

బాబు_నాన్న: ఒక సెంటర్లో రెండేళ్ళు తలుపు బయట కుర్చీలో కూర్చున్నాం. సెషన్‌కు 700. లోపల ఏం చేస్తున్నారో ఒక్కరోజూ చెప్పలేదు. అదేదో మా ఆవిడకే నేర్పితే పోయేది కదా!

పావని_అమ్మ: "మా ఆవిడకే." చూశారా? నేను ఆ ట్రైనింగ్ తీసుకున్నాను. బాగుంది, కాదనను. పాప చెయ్యి చాచే దాకా ఆగడం అక్కడే నేర్చుకున్నాను. కానీ దాని కోసం స్కూల్లో టీచర్ ఉద్యోగం మానేశాను. మా వారు ఒక్క క్లాసుకూ రాలేదు. ఏడాదైనా మాటలు రాకపోతే ఇంట్లో అందరూ నన్నే అడిగారు, "నువ్వు సరిగ్గా చేస్తున్నావా?" అని. అంతకుముందు ఆ ప్రశ్న థెరపిస్టును అడిగేవాళ్ళు.

బాబు_నాన్న: నేనేం మావాణ్ణి వదిలేసి తిరగట్లేదండీ. మాటలు జాగ్రత్త.

థెరపిస్ట్_సుజాత: పావని గారూ, నా భయం కూడా అదే. 12 గురించి అనవసరంగా వాదించాను. జిల్లా డీఈఐసీలో, అంటే పిల్లల ఎదుగుదల సమస్యలను తొందరగా గుర్తించి సాయం చేసే ప్రభుత్వ కేంద్రంలో, స్పీచ్ థెరపిస్టు ఉండాలి. తల్లులకు నేర్పేశాం కదా అని ఆ పోస్టు ఖాళీగా వదిలేస్తారు.

బాబు_నాన్న: పోస్టు నిండే దాకా మావాడు ఐదేళ్ళ దగ్గరే ఆగడు మేడమ్. పావని గారూ, క్లాసుకు వెళ్ళేది మా ఆవిడే అనుకున్న మాట నిజం. ఆదివారం పెడితే నేనే వస్తాను.

పావని_అమ్మ: మంగళవారం పెడితే సెలవు పెడతారా?