ఏఎంటీ బండి కుదుపులు: గేర్‌బాక్స్ మొత్తం మార్చాలంటున్నారు, నమ్మొచ్చా?

మియాపూర్_ఏఎంటీ:
నమస్తే అన్నలూ. బండి 2018 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, ఏఎంటీ (క్లచ్ పెడల్ లేకుండా గేర్లు వాటంతటవే మారే రకం), 60 వేల కిలోమీటర్లు దాటింది. రోజూ మియాపూర్ నుంచి గచ్చిబౌలి, అంటే సగం దూరం ఒకటో గేరులో పాకడమే. ఈమధ్య ఒకటి నుంచి రెండుకి మారేటప్పుడు గట్టిగా కుదుపు వస్తోంది. ఫ్లైఓవర్ ఎక్కుతూ ట్రాఫిక్‌లో ఆగి మళ్లీ కదిలితే బండంతా వణుకుతుంది, ఇంజన్ అరుస్తుంది గానీ బండి ముందుకు రాదు, ఏదో కాలిన వాసన కూడా. మొన్న సిగ్నల్ దగ్గర డీ (డ్రైవ్)లో ఉన్నది దానంతటదే ఎన్ (న్యూట్రల్)కి పోయి గేర్ లైట్ వెలిగింది. వెనక హారన్లు, పక్కన ఇంట్లోవాళ్లు, ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు. ఆపి స్టార్ట్ చేస్తే మామూలైంది.

సర్వీస్ సెంటర్‌లో ఒక రౌండ్ తిప్పి చూసి, గేర్‌బాక్స్ అసెంబ్లీ మార్చాలి సార్, లక్ష పైనే అవుతుంది అన్నారు. స్కాన్ రిపోర్ట్ అడిగితే సరైన జవాబు లేదు. బయట మెకానిక్ ఏమో గేర్ ఆయిల్ మారిస్తే చాలంటున్నాడు. ఎవరి మాట వినాలి?

ఆటోనగర్_స్పానర్:
ప్రస్తుతానికి ఇద్దరి మాటా పక్కన పెట్టండి. నాది బెజవాడ ఆటోనగర్, క్లచ్ పనులే ఎక్కువ చేస్తాను.

ఏఎంటీలో ఉన్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే అండి. అదే క్లచ్ ప్లేటు, అదే ప్రెషర్ ప్లేటు, గేర్లు సాఫీగా పడేలా చూసే అవే సింక్రో రింగులు. మీ ఎడమ కాలు, ఎడమ చెయ్యి చేసే పనిని పైన బిగించిన యాక్చువేటర్ చేస్తుంది, ఎప్పుడు చెయ్యాలో టీసీయూ అనే గేర్‌బాక్స్ కంప్యూటర్ చెబుతుంది. 60 వేలకి లోపల గేర్ల పళ్లు, షాఫ్టులు పోవడం అరుదు. బేరింగ్ పోతే స్పీడుతో పాటు పెరిగే మూలుగు వస్తుంది, సింక్రో పోతే గేరు పడేటప్పుడు గరగరమంటుంది. మీరు చెప్పినవాటిలో ఆ రెండూ లేవు. ఇంజన్ అరిచి బండి కదలకపోవడం, వణుకు, కాలిన వాసన, ఈ మూడూ కలిస్తే నా చూపు ముందు క్లచ్ మీదకే పోతుంది.

ఖాళీ రోడ్డు మీద ఒకటి చూడండి. మాన్యువల్ మోడ్‌లో నాలుగో గేరు, నలభై యాభై స్పీడులో యాక్సిలరేటర్ గట్టిగా నొక్కండి. పూర్తిగా తొక్కకండి, తొక్కితే చాలా బళ్లు వాటంతటవే కింది గేరు వేసేసుకుంటాయి. ఆర్‌పీఎం ముల్లు ఎగిరిపోయి స్పీడు మాత్రం అక్కడే ఉంటే క్లచ్ జారుతున్నట్టే.

ఎన్‌కి పోయిన సంగతి వేరేది కావచ్చు. బ్యాటరీ వీకైనా, బ్రేక్ పెడల్ దగ్గరి స్విచ్ పోయినా ఏఎంటీ ఇలాంటి వేషాలే వేస్తుంది. ఆ స్విచ్ చాలా చిన్న ఖర్చు. బ్రేక్ తొక్కినప్పుడు వెనక లైట్లు ఒక్కోసారి వెలగట్లేదేమో ఎవరినైనా నిలబెట్టి చూడండి.

ఇంకొకటి, మీది హైడ్రాలిక్ రకమైతే డోర్ తీయగానే బానెట్ లోంచి జ్‌జ్ మని పంపు శబ్దం వస్తుంది. అది ప్రెషర్ ఎక్కించుకోవడం, రోగం కాదు. కానీ నడుపుతున్నప్పుడు కూడా క్షణక్షణానికి ఆ శబ్దం వస్తుంటే ప్రెషర్‌ని నిల్వ ఉంచే అక్యుములేటర్ పోయినట్టు, లేదా ఎక్కడో లీకు. ఆ పంపు ట్యాంకులో ఆయిల్ లెవెల్ చూడమనండి. అందులో కంపెనీ చెప్పిన ఆయిలే పొయ్యాలి, బ్రేక్ ఆయిల్ పోసిన బండి ఒకటి మా షెడ్డుకొచ్చింది, సీళ్లన్నీ ఉబ్బిపోయి ఉన్నాయి.

స్కాన్ చేసి కోడ్‌లు, క్లచ్ అరుగుదల రీడింగ్ కాగితం మీద ఇవ్వకుండా అసెంబ్లీ అనేవాడికి బండి అప్పగించకండి.

విశాఖ_ఘాట్‌రోడ్:
అన్న చెప్పింది నిజమే గానీ ఆయిల్ సంగతి మరీ తీసిపారేయొద్దు. మార్చి చాలాకాలమైతే ఎలాగూ మార్పించండి, దానితో వణుకు పోతుందని మాత్రం ఆశ పడకండి. క్లచ్ ప్లేటు ఆయిల్ తగలకుండా పొడిగా పనిచేసేది, గేర్ ఆయిల్‌కీ దానికీ సంబంధం లేదు. ఒకవేళ సీలు లీకై ఆయిల్ ప్లేటు మీదకి కారితే తప్ప.

మార్పించేటప్పుడు రెండు చూసుకోండి. పైన నింపే నట్టు ముందు విప్పాకే కింది డ్రెయిన్ నట్టు విప్పమనండి, పాత ఆయిలంతా పోయాక పై నట్టు రాకపోతే బండి అక్కడే పడుంటుంది. రెండోది గ్రేడు. బండితో వచ్చిన పుస్తకంలో ఆయిల్ గ్రేడు జీఎల్-4 అని ఉంటే జీఎల్-5 ఇంకా మంచిది సార్ అని పోసేవాళ్లున్నారు. జీఎల్-5లో గంధకం, ఫాస్ఫరస్ మందులు ఎక్కువ, కొన్ని రకాలు ఇత్తడి సింక్రో రింగుల్ని తినేస్తాయి.

వాలు మీద యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టే అలవాటుందా? సింహాచలం కొండ మీద రద్దీలో చాలామంది చేసేది అదే, క్లచ్ అరిగాక ఏఎంటీ దండగ అని తిడతారు. బ్రేక్ మీదో హ్యాండ్‌బ్రేక్ మీదో ఆపాలి.

డల్లాస్_తెలుగోడు:
మధ్యలో వస్తున్నా, సారీ. నాది ఏఎంటీ కాదు, టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ (క్లచ్ ప్లేటుకి బదులు ఆయిల్ ద్వారా ఇంజన్ శక్తి అందే రకం). ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదు అని డీలర్ అంటాడు. నిజమేనా?

ఆటోనగర్_స్పానర్:
జీవితాంతం అంటే ఎవరి జీవితమో అడగండి. 😄 ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) వేడికి పాడవుతుంది, మామూలుగా ఎర్రగా ఉండేది నల్లబడి మాడు వాసన వస్తే ఆలస్యమైనట్టే. చాలామంది 80 వేల నుంచి లక్ష కిలోమీటర్ల మధ్య మారుస్తారు, లోడు లాగే బండైతే ఇంకా ముందే. మెషీన్‌తో ఫ్లష్ చేయడం కన్నా పాత ఆయిల్ కిందికి వదిలి కొత్తది నింపడం నాకు ఇష్టం. లెవెల్ మాత్రం కంపెనీ చెప్పిన వేడి దగ్గరే చూడాలి, చల్లగా ఉన్నప్పుడు చూస్తే తప్పు లెక్క వస్తుంది. సీవీటీ (గేర్లకి బదులు బెల్టుతో నడిచే ఆటోమేటిక్) అయితే దాని ఆయిలే, మామూలు ఏటీఎఫ్ పొయ్యకూడదు.

మియాపూర్_ఏఎంటీ:
అప్‌డేట్ అన్నలూ. నాలుగో గేరు టెస్టులో ముల్లు ఎగిరింది, స్పీడు కదల్లేదు. వేరే చోట స్కాన్ చేయించాను, క్లచ్ అరుగుదల లిమిట్ దాటిందని వచ్చింది, బ్రేక్ స్విచ్ కోడ్ కూడా ఉంది. పంపు శబ్దం డోర్ తీసినప్పుడే వస్తోంది. స్విచ్ వెంటనే మార్పించాను. వచ్చేవారం గేర్‌బాక్స్ దించి క్లచ్ సెట్ వేయిస్తున్నాను, అసెంబ్లీ ధరలో నాలుగో వంతు కూడా లేదు.

ఆటోనగర్_స్పానర్:
సరే, దించినప్పుడు ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మూడూ కలిపి మార్చండి, ఒక్క బేరింగ్ కోసం మళ్లీ దించే కూలీ దండగ. ప్లేటు ఆనుకునే ఫ్లైవీల్ చక్రం మీద నీలం మచ్చలుంటే ఫేసింగ్ (పైన చదును చేయడం) కొట్టించాలో మార్చాలో వాళ్లనే తేల్చమనండి. ఇంజన్ ఆయిల్ బయటికి రాకుండా ఆపే క్రాంక్ సీలు చెమ్మగా ఉందేమో వేలు పెట్టి చూడమనండి. అన్నీ బిగించాక స్కానర్‌తో క్లచ్ లెర్నింగ్ చేయాలి, అంటే కొత్త ప్లేటు ఎక్కడ పట్టుకుంటుందో టీసీయూకి నేర్పడం. అది చెయ్యకుండా బండి ఇస్తే కొత్త క్లచ్‌తో కూడా ఇదే కుదుపు, అప్పుడు మళ్లీ అసెంబ్లీ అంటారు. లెర్నింగ్ మీ ముందే చెయ్యమనండి. పాత ప్లేటు అడిగి తీసుకోండి.